ఇంజెక్షన్ చేసిన చోట చర్మం తెల్లబడింది... ఇది బొల్లేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పాప పుట్టిన మూడో నెల నుంచి ఎడమ మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు విపరీతమైన నొప్పి. పాపను ఎత్తుకోబోతే ప్రాణం పోయినంత పనయ్యేది. ఎముకల డాక్టరుగారు అక్కడ ఇంజెక్షన్ చేశారు, మూడు వారాలకు ఇంకొకటి చేశారు. చీటీలో ట్రయామ్‌సినలోన్ 40 మి.గ్రా. అని ఉంది. నొప్పి చాలావరకు తగ్గింది. కానీ రెండో ఇంజెక్షన్ అయిన రెండు నెలలకు సరిగ్గా ఆ చోటే రూపాయి బిళ్లంత తెల్లబడింది. ఇప్పటికి ఐదు నెలలు. మచ్చ నుంచి మోచేయి వైపు నాలుగు వేళ్ల పొడవున సన్నటి చార పాకింది. చర్మం ఉల్లిపొరలా పలచబడి కింద నరాలు నీలంగా కనబడుతున్నాయి. తడిమితే చిన్న గుంట తగులుతోంది. మా అత్తగారు బొల్లి అంటున్నారు. చేపలు, నిమ్మకాయ, పెరుగు మాన్పించారు. ఆ చేత్తో పాపకు తినిపించనివ్వడం లేదు. మందుల షాపులో చూపిస్తే క్లోబెటసాల్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, మూడు వారాలుగా రాస్తున్నాను. తెలిసినాయన ఒకరు బావంచాల నూనె రాసుకుని ఎండలో కూర్చోమన్నారు, అదింకా మొదలుపెట్టలేదు. ఈ మధ్య నొప్పి మళ్లీ కొద్దిగా తిరగబెడుతోంది. మూడో ఇంజెక్షన్ చేయించుకోవచ్చా? మా ఆడపడుచు అయితే "చర్మాన్ని అంత తెల్లగా చేసే మందయితే ముఖానికే రాసుకోవచ్చుగా వదినా" అంటోంది. ఆటపట్టించడానికే అన్నా, నిజంగా అలా వాడతారా?
— ఒక పాఠకురాలు, నంద్యాల

సమాధానం: క్లోబెటసాల్ రాయడం ఈ రోజే ఆపేయండి. మూడు వారాలు, అదీ రూపాయి బిళ్లంత చోటే రాశారు కాబట్టి మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన పనిలేదు, ఒక్కసారిగా మానేయొచ్చు. బావంచాల నూనె మొదలుపెట్టకపోవడం మీ అదృష్టం, ఆ సీసా మూత తీయకండి. మూడో ఇంజెక్షన్ ఇప్పుడు వద్దు.

ఇక అసలు భయం సంగతి. మచ్చ సరిగ్గా సూది దిగిన చోటే మొదలైంది. ఇంజెక్షన్ అయిన రెండు నెలలకు కనిపించింది. రంగుతో పాటు చర్మమూ పలచబడింది, గుంట పడింది. చార మోచేయి వైపుకే సాగింది. ఈ నాలుగూ కలిసి ఉన్నప్పుడు అది బొల్లి కన్నా మీకు చేసిన స్టిరాయిడ్ (వాపును అణచే మందు) ఇంజెక్షన్ వల్ల వచ్చిన మార్పు అయ్యే అవకాశమే చాలా ఎక్కువ. బొల్లిలో రంగు పోతుంది కానీ చర్మం మందం మారదు, గుంట పడదు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా గట్టి ఆనవాలు ఆ గుంటే. అయినా చర్మవైద్యులకు ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. అక్కడ ఏం చూస్తారో కింద రాస్తున్నాం.

మందు ఎక్కడ పడాలి, ఎక్కడ ఆగింది

మీకు వేసిన స్టిరాయిడ్ ట్రయామ్‌సినలోన్. అది నీళ్లలో సరిగా కరగని మందు. సీసాను కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. బాగా ఊపి సిరంజిలోకి లాగితే పలచని పాలలా ఉంటుంది. స్టిరాయిడ్లలోనే మిథైల్ ప్రెడ్నిసలోన్ ఎసిటేట్ కూడా అంతే. డెక్సామెథసోన్ మాత్రం మంచినీళ్లలా తేటగా ఉంటుంది, దిగిన చోట ఎక్కువ కాలం నిలవదు. పాలలాంటి మందులోని సన్నటి రవ్వలు పడిన చోటే వారాల తరబడి ఉండిపోయి, కొద్దికొద్దిగా కరుగుతూ వాపును అణచిపెడతాయి. కీళ్లకూ స్నాయువులకూ (కండను ఎముకకు కట్టి ఉంచే తాళ్లు) దాన్ని ఎంచుకునేది అందుకే. ఆ రవ్వలు దారితప్పి చర్మం కింద చిక్కుకుంటే, అదే మందు అంతే ఓపిగ్గా చర్మం మీద పనిచేస్తుంది.

మీ నొప్పికి డి క్వెర్వేన్స్ అని పేరు. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వెర్వేన్ 1895లో దీన్ని వర్ణించారు. బొటనవేలిని పక్కకూ వెనక్కీ లాగే రెండు స్నాయువులు మణికట్టు ఎముక మీదుగా ఒక ఇరుకైన తొడుగులోంచి పోతాయి. ఆ తొడుగు మందమెక్కి స్నాయువులను పట్టేస్తే వచ్చే నొప్పి ఇది. మందు పడాల్సింది ఆ తొడుగులోపల. తొడుగుకూ పైచర్మానికీ మధ్య ఉండేది కొన్ని మిల్లీమీటర్లే, బక్కపలచని చేతుల్లో ఇంకా తక్కువ. తొడుగులో పట్టే మందూ ఒకటి రెండు మిల్లీలీటర్లే. సూది మొన కాస్త పైనే ఆగినా, పట్టనంత మందు తోసినా, సూది బయటికి తీసేటప్పుడు దాని దారి వెంట మందు వెనక్కి కారినా రవ్వలు చర్మం కింది కొవ్వులో చేరతాయి.

చూసేవాళ్లకు కూడా తేడా తెలుస్తుంది. సూది తొడుగులో ఉంటే మందు పోతున్నకొద్దీ స్నాయువు వెంట పొడుగ్గా, సన్నగా ఒక ఉబ్బు సాగుతుంది. చర్మంలోకి పోతుంటే దోమ కుట్టినట్టు గుండ్రటి దద్దు లేచి ఆ మేర పాలిపోతుంది. దద్దు లేస్తే అక్కడే ఆపి సూదిని సర్దుకోవాలి. సూది తీసేముందు కొద్దిగా మత్తుమందుతో దాన్ని కడగడం, తీశాక దూదితో అదిమి పట్టడం కూడా మందు వెనక్కి కారకుండా చేసే జాగ్రత్తలే. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తే సూది ఎక్కడుందో కనబడుతుంది. ఇన్ని చేసినా, అనుభవమున్న చేతుల్లోనూ ఈ మచ్చలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. కాబట్టి మచ్చ వచ్చిందంటే తప్పు జరిగినట్టేనని తీర్మానించలేం. అయితే అంత చిన్న తొడుగుకు 10 నుంచి 20 మి.గ్రా. సరిపోతుందని చాలామంది వైద్యులు అనుకుంటారు. 40 మి.గ్రా. చొప్పున మూడు వారాల ఎడంలో రెండుసార్లంటే మోతాదు కాస్త ఎక్కువే. ఇలా తెల్లబడొచ్చు, చర్మం పలచబడొచ్చు అని ముందే ఒక మాట చెప్పి ఉంటే మీ ఇంట్లో ఇంత రభస ఉండేది కాదు.

రంగు ఎలా పోతుందంటే, మన పైచర్మం అడుగువరసలో మెలనోసైట్లు అనే కణాలుంటాయి. మెలనిన్ అనే రంగును తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచిపెట్టడం వాటి పని. స్టిరాయిడ్ ఆ తయారీని ఆపుతుంది కానీ కణాలను చంపదు. మగ్గం ఆగింది, నేతగాడు మాత్రం మగ్గం దగ్గరే కూర్చుని ఉన్నాడు. బొల్లిలో నేతగాడే ఉండడు. ముందే రంగు నింపుకున్న కణాలు రాలిపోయి, రంగులేని కొత్తవి పైకి రావడానికి వారాలు పడుతుంది. తెలుపు ఆలస్యంగా బయటపడడానికి అదొక కారణం. సాధారణంగా ఇంజెక్షన్ అయిన 1 నుంచి 4 నెలల మధ్య కనబడుతుంది. చామనఛాయ, నలుపు చర్మాల మీద కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

గుంట వేరే దారిలో వస్తుంది. మందు చర్మం కింది కొవ్వు కణాలను కుదించేస్తుంది, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. మీకు నీలంగా కనబడుతున్నవి నిజానికి నరాలు కావు, సిరలు, అంటే రక్తనాళాలు. అవి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి, మీద కప్పిన పరుపు పలచబడింది అంతే. చార సంగతీ చెప్పాలి, ఎక్కువమందిని హడలగొట్టేది అదే. మందు చర్మం కింది లింఫు నాళాల (కణాల మధ్య ఊరే నీటిని మోసుకుపోయే సన్నటి గొట్టాలు) వెంట, సిరల వెంట పైకి కొద్దికొద్దిగా పోతుంది. అవి పోయేది మోచేయి వైపుకే కాబట్టి చారా అటే సాగుతుంది. పాకుతున్నది మందు, జబ్బు కాదు. ఒంట్లో ఇంకో చోటికి పోదు, ఇంకొకరికి అంటదు, పాల ద్వారా పాపకూ రాదు. ఆ చేత్తో పాపకు నిక్షేపంగా తినిపించండి.

ఇంట్లో చూసుకోదగ్గవి

కళ్లు మూసుకుని, దూది కొసను సన్నగా పురి తిప్పి మచ్చ మీద ఎవరి చేతనైనా తాకించుకోండి. తర్వాత కుడిచేతి మీద అదే చోట. మచ్చ మీద కూడా తాకినట్టు తెలిస్తే సరే. తెలియకపోతే వెంటనే డాక్టరుకు చూపించాలి, ఎందుకంటే మన దేశంలో స్పర్శ లేని తెల్లమచ్చ అంటే కుష్టు కాదని తేల్చుకోవాల్సిందే. దానికి పరీక్షా మందులూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. ఇందులో ఒక మెలిక ఉంది. మణికట్టు బొటనవేలి వైపున చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. సూది దానికి తగిలినా, వాపు ఒత్తినా బొటనవేలి వెనకభాగాన తిమ్మిరి ఉండొచ్చు. అలా ఉంటే ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. అది మచ్చ వల్ల వచ్చిన స్పర్శలోపం కాదు.

పగటి వెలుగులో భూతద్దం పెట్టి మచ్చలోని నూగు వెంట్రుకలు చూడండి. బొల్లిలో అవి తెల్లబడిపోయి ఉండొచ్చు. పెదాల చుట్టూ, కళ్ల చుట్టూ, వేళ్ల కొసల దగ్గర, పాదాల మీద ఎక్కడైనా కొత్తగా తెల్లబడిందా చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా బొల్లి ఉంటే డాక్టరుకు చెప్పాలి. బొల్లి వచ్చే తత్వం ఉన్నవాళ్లకు చిన్న గాయమైన చోట కూడా మచ్చ మొదలవచ్చు, సూదిపోటు కూడా గాయమే కదా. డాక్టరు చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే దీపం వేసి చూస్తారు. ఆ నీలి వెలుగులో బొల్లి మచ్చ సుద్దముక్కలా మెరుస్తూ, అంచు గీత గీసినట్టు కనబడుతుంది. స్టిరాయిడ్ మచ్చ మసకగా, అంచు కలిసిపోయినట్టు ఉంటుంది. రెండు నిమిషాల పరీక్ష, నొప్పి ఉండదు. చర్మం ముక్క తీసి చూడాల్సిన అవసరం సాధారణంగా రాదు.

చేపలు, నిమ్మకాయ, పెరుగు మానేసినందువల్ల ఒరిగేదేమీ లేదు. నిజంగా బొల్లి ఉన్నవాళ్లకు కూడా ఆ పథ్యం అక్కర్లేదు. చేపలు తిని పాలు తాగితే తెల్లమచ్చలొస్తాయన్న మాట తరాలుగా నడుస్తోంది, దానికి ఆధారం లేదు. పాలిచ్చే తల్లికి అవి మాన్పించడం మాత్రం నష్టమే. ఈ ముక్క మీ అత్తగారికి చదివి వినిపించండి.

రంగు తిరిగి వచ్చేదాకా

క్లోబెటసాల్ ఎందుకు వద్దన్నామో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. అది పైపూత స్టిరాయిడ్లలో అన్నిటికన్నా గాఢమైన వర్గంలోది. బొల్లికి స్టిరాయిడ్ పూతలు వాడటం నిజమే, షాపులో తెల్లమచ్చ చూడగానే అది తీసివ్వడానికి అదే కారణం. కానీ స్టిరాయిడ్ వల్లే పలచబడిన చర్మానికి ఇంకో స్టిరాయిడ్ పట్టించడమంటే పుండు మీద కారం చల్లడమే. బెటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినలోన్... గొట్టం మీద ఈ పేర్లు కనిపించినా అంతే, పక్కన పెట్టేయండి. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని రాసుకుని ఎండలో కూర్చుంటే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. ఆసుపత్రిలో సోరలెన్‌ను వాడేది కొలత ప్రకారం, కాంతిని సెకన్ల లెక్కన ఇస్తూ. పెరట్లో పీట వేసుకుని చేసే వైద్యం కాదది, అందులోనూ ఉల్లిపొరలాంటి చర్మం మీద.

ఎక్కువమందిలో మందు రవ్వలు కరిగిపోయాక రంగు దానంతటదే వస్తుంది. ఆరు నెలల్లో వచ్చేవాళ్లున్నారు, రెండున్నరేళ్లు పట్టినవాళ్లున్నారు, చాలామందికి ఏడాది అటూఇటూ. కొద్దిమందిలో ఎంతో కొంత మిగిలిపోతుంది. గుంట కూడా నెమ్మదిగా నిండుతుంది. మీకు ఐదు నెలలే అయింది కాబట్టి చార ఇంకో వేలెడు సాగినా కంగారు పడకండి. అంచు మసకబారడం, లోపలికి గోధుమరంగు కమ్ముకు రావడం రంగు తిరుగుముఖం పట్టిందనడానికి గుర్తు. రోజూ చూసుకుంటే తేడా తెలియదు. నెలకోసారి, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచండి.

ఈలోగా ఆ చోటుకు కావాల్సింది కాపలా. ఎండకు చుట్టూ ఉన్న చర్మం నల్లబడితే మచ్చ మరింత తెల్లగా కనబడుతుంది. ఎస్పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్‌ను మచ్చకూ, చుట్టూ నాలుగు వేళ్ల మేరకూ రాయండి. మణికట్టు గిన్నెలు తోమే చేతిది కాబట్టి కడిగినప్పుడల్లా పోతుంది, బయటికి వెళ్లేముందు మళ్లీ రాసుకోవాలి. పొడవు చేతుల జాకెట్టు అంతకన్నా నమ్మకమైనది. రాత్రిపూట వ్యాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ తేలిగ్గా అద్దండి, రుద్దకండి. ఆ చేతికి మట్టిగాజులు కొన్నాళ్లు వద్దు. పలచటి చర్మం మీద గాజు చిట్లితే చీరుకుపోతుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది. అంటుకునే ప్లాస్టర్లు కూడా అక్కడ వేయకండి. పీకినప్పుడు చర్మం లేచి వస్తుంది. పెళ్లికో పేరంటానికో వెళ్లాల్సి వచ్చి మచ్చ కనబడకూడదనుకుంటే చర్మం రంగుకు కలిసే కన్సీలర్ వాడుకోవచ్చు. ఇంట్లో రుబ్బిన గోరింటాకైతే పరవాలేదు, గంటలో నల్లగా పండే కోన్లు మాత్రం వద్దు. వాటిలో కలిపే రసాయనానికి మామూలు చర్మమే బొబ్బలెక్కుతుంది.

ఏడాది దాటినా మార్పు లేకపోతే, లేదా గుంట పెద్దదై ఇబ్బంది పెడుతుంటే, చర్మవైద్యుల దగ్గర కొన్ని మార్గాలున్నాయి. గుంట పడిన చోట మామూలు సెలైన్‌ను చర్మం కిందికి ఎక్కించడం ఒకటి. చిక్కుకుపోయిన రవ్వలను చెదరగొట్టి కరిగించడం దాని ఉద్దేశం. వారానికోసారి చొప్పున కొన్ని వారాలు చేస్తారు, మణికట్టు లాంటి చిన్న చోటికి కొద్ది మిల్లీలీటర్లే సరిపోతాయి. ఇందులో మందేమీ లేదు, ఉప్పునీళ్లే, కాబట్టి పాలిచ్చే తల్లికీ పేచీ లేదు. రంగు కోసం టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రాయొచ్చు, అది స్టిరాయిడ్ కాదు. నారోబ్యాండ్ యూవీబీ, ఎక్సైమర్ కాంతి చికిత్సలూ ఉన్నాయి. ఇవన్నీ కొద్దిమంది రోగుల్లో ఫలితమిచ్చినవే తప్ప పెద్ద పరీక్షల్లో తేలినవి కావు. కాబట్టి ఐదో నెలలోనే పరుగెత్తాల్సిన పనిలేదు. చర్మం అతికే ఆపరేషన్, మెలనోసైట్లను నాటే ఆపరేషన్ అని ఎవరైనా ప్యాకేజీ చెబితే లేచి వచ్చేయండి. ఉన్నచోటే ఉన్న కణాలకు కొత్తగా నాట్లెందుకు?

మణికట్టు నొప్పికి

బొటనవేలిని అరచేతిలో మడిచి, మిగతా వేళ్లు దాని మీద మూసి, పిడికిలిని మెల్లగా చిటికెనవేలి వైపుకు వంచండి. బొటనవేలి వైపు మణికట్టులో చురుక్కుమంటే జబ్బు ఇంకా ఉన్నట్టే. రోజుకొకసారి పరీక్షించుకోవద్దు, దానివల్లే నొప్పి పెరుగుతుంది.

మీ నొప్పికి మూలం పాపను ఎత్తే తీరులో ఉంది. బొటనవేళ్లు పైకి లేపి, చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతాం కదా, ఆ భంగిమలో బరువంతా ఆ రెండు స్నాయువుల మీదే పడుతుంది. పది నెలల పాపంటే తక్కువ బరువా! అరచేతులు ఆకాశం వైపు చూసేలా పెట్టి, ఒక చెయ్యి పిర్రల కింద, ఇంకోటి వీపు కింద దూర్చి, చేటతో బియ్యం ఎత్తినట్టు ఎత్తండి. మణికట్టు వంగకూడదు, పని మోచేతులు చేయాలి. పాలిచ్చేటప్పుడు పాప తలను అరచేత్తో పట్టి ఉంచకుండా కింద దిండు పెట్టి ముంజేతి మీద ఆన్చండి. బట్టలు పిండడం కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించండి. పాప నిద్రపోయాక ఒంటిచేత్తో ఫోను పట్టుకుని బొటనవేలితో జరిపే కార్యక్రమం ఉందే, అది కూడా.

బొటనవేలిని కూడా కలిపి పట్టి ఉంచే స్ప్లింట్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. మణికట్టుకు మాత్రమే చుట్టే పట్టీ ఈ నొప్పికి పనిచేయదు, అడిగి తీసుకోండి. బొటనవేలి చివరి కణుపు కదలాలి, మొదటి కణుపు కదలకూడదు. రాత్రంతా, పగలు పనులప్పుడు నాలుగు నుంచి ఆరు వారాలు వాడండి. లోపల పలచటి నూలు సాక్సు గొట్టం తొడుక్కోవాలి, లేకపోతే అంచు సరిగ్గా ఆ పలచబడిన చర్మాన్నే కోస్తుంది. నొప్పి ఎక్కువైన రోజు పారాసిటమాల్ 500 మి.గ్రా. బిళ్ల, ఆరు గంటల ఎడంతో, పాలిచ్చేవాళ్లు కూడా వేసుకోవచ్చు. నొప్పి జెల్లులు ఆ మచ్చ మీద రుద్దొద్దు.

పాప పెద్దదై నడక వచ్చేసరికి చాలామందికి ఇది సద్దుమణుగుతుంది. తగ్గకపోతే, మూడో ఇంజెక్షన్ కన్నా ఆపరేషన్ గురించి మాట్లాడటమే మేలని మా అభిప్రాయం. అక్కడే మత్తిచ్చి, చిన్న కోతతో ఆ తొడుగును తెరుస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు. కొందరిలో రెండు స్నాయువుల మధ్య అడ్డుగోడ ఉండి ఒకటి విడి అరలో ఉంటుంది. ఇంజెక్షన్ పూర్తిగా పనిచేయకపోవడానికి అదీ ఒక కారణం. అల్ట్రాసౌండ్‌లో కనబడుతుంది, ఆపరేషన్‌లో ఆ అరనూ తెరవాలి. కోత మీ పలచబడిన చర్మం మీదుగా పోతే మానడం ఆలస్యం కావచ్చు కనుక, తొందర లేకుంటే చర్మం కోలుకునేదాకా ఆగమంటారు. ఏ కారణం చేతనైనా ఇంజెక్షనే అనుకుంటే అల్ట్రాసౌండ్ చూస్తూ, తేలిగ్గా కరిగే మందుతో, తక్కువ మోతాదులో, మచ్చకు దూరంగా సూది దింపమని అడగండి. ఇంకో మాట. పాలలాంటి స్టిరాయిడ్లు పెద్ద మోతాదులో వేసినప్పుడు తల్లిపాలు కొన్నాళ్లు తగ్గినట్టు, నెలసరి తప్పినట్టు నమోదైంది. మీకు అప్పట్లో పాలు తగ్గి ఉంటే దానికి మీ తిండిని తప్పుపట్టనక్కర్లేదు.

ఈ తెలుపు మణికట్టుకే పరిమితం కాదు. మోచేయి నొప్పికి, మడిచిన వేలు ఇరుక్కుపోయే జబ్బుకు, మడమ నొప్పికి చేసే ఇంజెక్షన్లతోనూ రావచ్చు. గాయం మానిన చోట ఉబ్బి పెరిగే కెలాయిడ్ గడ్డల్లోకి చేసినప్పుడు గడ్డ తగ్గి, చుట్టూ తెల్లటి వలయం మిగిలిపోతుంటుంది. పేనుకొరుకుడుకు తలలో చేసేటప్పుడు మిల్లీలీటరుకు 2.5 నుంచి 5 మి.గ్రా. దాకా పలచన చేసి, ఒక్కో చోట 0.1 మి.లీ. మించకుండా వేసేది గుంటలు పడతాయన్న భయంతోనే. దురదలకో ఆయాసానికో ఊళ్లో వేయించుకునే పాలలాంటి ఇంజెక్షన్‌ను జబ్బ మీద వేయించుకోకూడదు. తప్పనిసరైతే పిర్రలో, పైన బయటి వైపు, కండలోకి దిగేంత లోతుగా పడాలి. పెద్దవాళ్లకు సూది కనీసం ఒకటిన్నర అంగుళం ఉండాలి. చిన్న సూదితో వేస్తే మందు కొవ్వులోనే ఆగి, నాలుగు నెలలకు అక్కడ నిమ్మకాయ పట్టేంత సొట్ట కనబడుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఏ చోట వేసినా కొద్దిరోజులు రీడింగులు పెరుగుతాయి.

మీ ఆడపడుచు అడిగినదాన్ని నవ్వులాటగా తీసేయలేం, నిజంగానే వాడేవాళ్లున్నారు. స్టిరాయిడ్ పూతలను తెల్లబడే క్రీములుగా ముఖానికి రాసుకోవడం మన దగ్గర ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం అటువంటి 14 మందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. మొదటి రెండు వారాలు ముఖం నిగనిగలాడుతుంది. ఆపిన రోజు నుంచి మంట, ఎరుపు, మొటిమలు, గడ్డం మీద నూగు. భరించలేక మళ్లీ రాస్తారు, మళ్లీ కొన్నాళ్లు బాగుంటుంది, అలా వలలో పడతారు. మీ మణికట్టు మీది ఉల్లిపొరను తనకు ఒకసారి దగ్గరగా చూపించండి. ఆ క్రీములు బుగ్గల మీద చేసేదీ అదే.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీ, ఫొటోలు, క్లోబెటసాల్ గొట్టం మూడూ తీసుకెళ్లండి. స్పర్శ తెలియకపోయినా, మచ్చ పుండుపడినా, ఎర్రగా వేడిగా వాచినా, ఇంకెక్కడైనా తెల్లబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఫోనులో ఒక వాక్యం రాసి ఉంచుకోండి: "ఎడమ మణికట్టులో ట్రయామ్‌సినలోన్ 40 మి.గ్రా. రెండుసార్లు, చర్మం పలచబడింది, రంగు పోయింది." రేపు మోకాలికో భుజానికో ఏ ఊళ్లో ఏ డాక్టరు సిరంజి తీసినా, ముందు అది చూపించండి.